వీలీ నేర్చుకోవాలంటే ముందు కుడికాలికి పని, తర్వాతే ఎడమచేతికి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: వీలీ (ముందు టైరు గాల్లోకి లేపి వెనక చక్రం మీదే బైక్ నడపడం) నేర్చుకోవాలి, బైక్ 200 సీసీ, రోడ్డు మీద నడపడం బాగా అలవాటే, మనుషులూ బండ్లూ రాని ఖాళీ తారు స్థలం దొరికింది. ఫస్ట్ గేర్‌లో రేస్ ఇచ్చి క్లచ్ వదిలితే ముందు టైరు జానెడు లేస్తోంది. లేవగానే భయమేసి యాక్సిలరేటర్ మూసేస్తున్నారు, టైరు ధబ్బున పడుతోంది. ఇంకా పైకి లేవాలంటే రేస్ పెంచాలా, హ్యాండిల్ పట్టుకుని లాగాలా?

రెండూ వద్దు. లేపడం మీకు వచ్చేసింది, రానిది దించడం. ఇప్పుడు మీకు తెలిసిన దించే దారి యాక్సిలరేటర్ మూయడం ఒక్కటే. ఒక ఎత్తు దాటాక అది అక్కరకు రాదని ఒంటికి తెలుసు కాబట్టే భయం వేస్తోంది. ఆ భయం సరైనదే, దాన్ని తెగింపుతో అణచాలని చూడకండి. వెనక బ్రేక్‌తో టైరును దించడం కాలికి వచ్చాక అది దానంతటదే తగ్గుతుంది. అప్పటిదాకా ఎత్తు పెంచవద్దు.

ఎందుకో ఒక చిన్న లెక్క చూడండి. మీలాంటి బైక్‌లో రెండు చక్రాల మధ్య దూరం సుమారు 1380 మిల్లీమీటర్లు. మనిషి కూర్చున్నాక, బైకూ మనిషీ కలిపి బరువు కేంద్రం వెనక టైరు నేలను తాకే చోటుకు దాదాపు 70 సెంటీమీటర్ల ముందు, నేలకు దాదాపు 70 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుందనుకోండి. ఆ రెండూ సమానం కాబట్టి ముందు టైరు నేల విడవాలంటే బైక్ సుమారు 1 జీ త్వరణంతో (కింద పడే వస్తువు వేగం పెరిగే తీరులో) ముందుకు దూకాలి. 200 సీసీ ఇంజన్ తనంతట తాను అంత ఇవ్వలేదు. అందుకే క్లచ్ కావాలి. రేస్ ఇచ్చినప్పుడు ఇంజన్‌లో తిరుగుతున్న బరువులో దాచిన శక్తిని క్లచ్ ఒక్కసారిగా వెనక చక్రానికి అందిస్తుంది.

అసలు సంగతి ఇక్కడే ఉంది. ముందు టైరు లేచేకొద్దీ బరువు కేంద్రం వెనక టైరు మీదికి జరుగుతూ ఉంటుంది. బైక్ 20 డిగ్రీలు లేచేసరికి దాన్ని అక్కడ నిలపడానికి 0.47 జీ చాలు. 35 డిగ్రీల దగ్గర 0.18 జీ. 45 డిగ్రీల దగ్గర బరువు కేంద్రం సరిగ్గా టైరు పైకి వచ్చేస్తుంది, అక్కడ కావలసింది సున్నా. అదే బ్యాలెన్స్ పాయింట్. అసలు కోణం బైక్‌ను బట్టి, మీరు ఎంత వెనక్కి కూర్చున్నారన్నదాన్ని బట్టి కొన్ని డిగ్రీలు అటూఇటూ అవుతుంది, కానీ తగ్గే తీరు మాత్రం ఇదే. టైరును లేపిన రేసునే అలా పట్టుకుని ఉంటే అవసరం సగానికి పడిపోయినా ఇచ్చేది తగ్గదు. ఆ మిగులంతా బైక్‌ను వెనక్కి తిప్పడానికే ఖర్చవుతుంది. తిరగబడడానికి బ్యాలెన్స్ పాయింట్ దాటేంత ధైర్యం కూడా అక్కర్లేదు, ఒక సెకను పాటు మణికట్టు ఊరుకుంటే చాలు.

ఆ పాయింట్ దాటాక యాక్సిలరేటర్ మూస్తే ఇంజన్ బ్రేకింగ్ (ఇంజనే వెనక చక్రాన్ని పట్టి వేగం తగ్గించడం) కాస్త సాయం చేస్తుంది, అదీ క్లచ్ వదిలి ఉంటేనే. భయంతో క్లచ్ లాగితే ఆ కాస్తా పోతుంది. బైక్‌ను ముందుకు దించే బలం ఏదీ మిగలదు, అది వెనక్కే వెళుతుంది. అక్కడ పనిచేసేది వెనక బ్రేక్ ఒక్కటే. పైగా చాలా బలంగా పనిచేస్తుంది. మామూలుగా బ్రేక్ వేసినప్పుడు బరువు ముందుకు వెళ్లిపోయి వెనక టైరు తేలికవుతుంది కాబట్టి వెనక బ్రేక్ బలహీనంగా అనిపిస్తుంది. వీలీలో మొత్తం బరువు వెనక టైరు మీదే ఉంటుంది. నేల మీద ఏమీ అనిపించని చిన్న ఒత్తిడికే ముందు భాగం వంగిపోతుంది. ఇది గుర్తుంచుకోండి, కాలి అభ్యాసంలో మళ్లీ అవసరమవుతుంది.

వీలీకి బలమైన ఇంజన్ కావాలన్న అపోహ కూడా వదిలేయండి. 1991 మే 5న జపాన్‌లో యాసుయుకీ కుడో వెనక చక్రం మీద ఆగకుండా 331 కిలోమీటర్లు నడిపింది హోండా టీఎల్ఎమ్ 220ఆర్ అనే చిన్న ట్రయల్స్ బైక్ (రాళ్లూ గుట్టలూ ఎక్కే పోటీల బైక్) మీద. బ్యాలెన్స్ పాయింట్ దగ్గర ఇంజన్‌కు దాదాపు పనే ఉండదని చెప్పడానికి దాన్ని మించిన రుజువు అక్కర్లేదు. మీ 200 సీసీ నేర్చుకోవడానికి చక్కగా సరిపోతుంది. 600, 1000 సీసీ బైకులు యాక్సిలరేటర్‌తోనే లేస్తాయి గనక సులువనిపిస్తాయి. కానీ చేయి అర అంగుళం తప్పితే దిద్దుకునే సమయం ఇవ్వవు.

స్థలం గురించి. రాకపోకలున్న రోడ్డు అస్సలు వద్దు, ఏ వేళైనా సరే. పడితే నష్టపోయేది మీరొక్కరే అయ్యే చోటు కావాలి. యజమాని ఒప్పుకున్న, గేటు మూసిన స్థలం, కనీసం 150 మీటర్ల పొడవు, రెండు వైపులా పది మీటర్ల వెడల్పున స్తంభాలు, గోడలు, కాలువలు ఏవీ ఉండకూడదు. కంటికి ఆనీఆననట్టుండే ఎగువ వాలు దొరికితే అదృష్టమే. టైరు తక్కువ రేసుకే లేస్తుంది, దించేటప్పుడు వేగమూ త్వరగా తగ్గుతుంది. దిగువ వాలు మీద, పక్క నుంచి గాలి కొట్టే రోజున ప్రయత్నించకండి. తారు మీద సన్నటి ఇసుక ఉంటే ఊడ్చేయాలి. క్లచ్ వదిలినప్పుడు వెనక టైరు జారి, మళ్లీ పట్టు దొరికితే బైక్ పక్కకు విసురుతుంది.

ఒంటి మీద ఫుల్‌ఫేస్ హెల్మెట్ (ఈసీఈ 22.06 భద్రతా ముద్ర ఉన్నది), వెన్నుకు ఈఎన్ 1621-2 ప్రమాణం లెవెల్ 2 ప్రొటెక్టర్, మోచేతులకూ మోకాళ్లకూ గార్డులు, అరచేతి మీద గట్టి పలకలున్న గ్లవ్స్, చీలమండ దాటిన బూట్లు. వీలీలో పడేది ఎక్కువగా వెనక్కి. నడుము కింద ఎముక, అరచేతులు, తల వెనక భాగం ముందు తగులుతాయి. అందుకే లోపల తోక ఎముక దగ్గర ప్యాడ్ ఉన్న షార్ట్స్ కూడా వేసుకోమంటాను. చాలామంది దీన్ని పట్టించుకోరు. ఇంకొకటి, మణికట్టుకు తాడుతో కట్టుకునే కిల్ స్విచ్. చేయి హ్యాండిల్ వదలగానే ఇంజన్ ఆగిపోతుంది. పడ్డ బైక్ యాక్సిలరేటర్ ఇరుక్కుని మీ మీదికి తిరిగి రాకుండా కాపాడేది అదే. మీతో ఇంకో మనిషి తప్పనిసరిగా ఉండాలి.

ఇక బైక్. మొదట చూడాల్సింది వెనక బ్రేక్ పెడల్ ఎత్తు. వీలీకి కూర్చునే చోట, అంటే సీటు మీద మామూలు కంటే నాలుగైదు అంగుళాలు వెనక్కి, అవే బూట్లతో కూర్చుని చూడండి. పాదం ఫుట్‌రెస్ట్ మీద ఉండగానే వేళ్ల మొదలు పెడల్‌ను తాకాలి, కానీ నొక్కకూడదు. వెనక్కి జరిగితే కాలు కాస్త చాచుకుంటుంది, పాదం కోణం మారుతుంది. మామూలు కూర్చునే చోట సరిగ్గా ఉన్న పెడల్ ఇక్కడ అందకపోవచ్చు. సర్దాక స్టాండ్ వేసి వెనక చక్రం చేత్తో తిప్పండి, ప్యాడ్లు రాసుకోకుండా తిరగాలి. డ్రమ్ బ్రేక్ అయితే పెడల్ ఆట (బ్రేక్ పట్టేముందు పెడల్ ఖాళీగా కదిలే దూరం) 15 నుంచి 20 మిల్లీమీటర్లకు తగ్గించుకోండి. డ్రమ్‌తో నేర్చుకోవచ్చు గానీ ఎంత నొక్కితే ఎంత పట్టిందో కాలికి స్పష్టంగా తెలియదు, డిస్క్ నయం.

ఏబీఎస్ (బ్రేక్ వేసినప్పుడు చక్రం లాక్ కాకుండా చూసే ఏర్పాటు) సంగతి తేల్చుకోకుండా మొదలుపెట్టవద్దు. ముందు చక్రానికే ఏబీఎస్ ఉంటే చిక్కు లేదు. రెండు చక్రాలకూ ఉంటే, అది రెండు చక్రాల వేగాలను పోల్చుకుంటూ ఉంటుంది. గాల్లో ముందు చక్రం తిరుగుతూ ఉండగా మీరు వెనక బ్రేక్ నొక్కితే, వెనక చక్రం లాక్ అవుతోందని పొరబడి బ్రేక్‌ను వదిలించే ప్రమాదం ఉంది. మీకు బ్రేక్ కావలసింది సరిగ్గా ఆ క్షణంలోనే. వెనక ఏబీఎస్‌ను ఆపే వీలు బైక్‌లో ఉంటే ఆపండి. ట్రాక్షన్ కంట్రోల్, వీలీ కంట్రోల్ ఉంటే అవీ ఆపండి. లేకపోతే సగంలో పవర్ కోసేసి టైరును పడేస్తాయి. అభ్యాసం అయ్యాక రోడ్డెక్కే ముందు అన్నీ మళ్లీ ఆన్ చేయాలి.

యాక్సిలరేటర్ తిప్పి వదిలితే టక్కున మూసుకోవాలి. హ్యాండిల్ పూర్తిగా ఎడమకూ కుడికీ తిప్పి రెండు చోట్లా చూడండి. కేబుల్ ఆట 2 నుంచి 4 మిల్లీమీటర్లు చాలు. క్లచ్ లివర్ చివర ఆట 10 నుంచి 20 మిల్లీమీటర్లు ఉండి, రెండు వేళ్లతో లాగితే క్లచ్ జారడం మొదలవ్వాలి. మిగతా రెండు వేళ్లు గ్రిప్ మీదే ఉండాలి, వాటికి లివర్ తగులుతున్నా క్లచ్ పూర్తిగా విడవకపోతే సర్దుబాటు తప్పిందన్నమాట. చైన్ లూజు మాన్యువల్‌లో చెప్పినంతే, రోడ్డు బైకులకు సాధారణంగా 20 నుంచి 30 మిల్లీమీటర్లు. లూజు ఎక్కువైతే ప్రతి క్లచ్‌కూ ముందు చైన్ కొరడాలా కొట్టుకుంటుంది, ఆ జర్క్‌కు టైరు ఒకసారి లేస్తుంది, ఒకసారి లేవదు. ఆ నిలకడలేనితనం తన చేతిదే అనుకుని చాలామంది వారాలు వృథా చేసుకుంటారు.

వెనక టైరులో గాలి 22 నుంచి 24 పీఎస్ఐకి తగ్గిస్తే నేల మీద ఆనే భాగం పెరిగి పక్కలకు ఊగడం తగ్గుతుంది. 20కి దిగువకు వద్దు, ట్యూబ్ ఉన్న టైరైతే రిమ్ము కొరికేస్తుంది. ఇంటికి వెళ్లే ముందు మళ్లీ గాలి నింపుకోవాలి. ఇంజన్ ఆయిల్ పై గీత దాకా ఉంచండి. బైక్ నిట్టనిలువుగా లేచినప్పుడు ఆయిల్ వెనక్కి చేరి పంపు గాలి పీల్చే అవకాశం ఉంటుంది. పొట్టి వీలీలకు ఇబ్బంది లేదు, పొడవైనవి మొదలుపెట్టాక ఇది ముఖ్యం. ఐడ్లింగ్‌ను 200, 300 ఆర్‌పీఎం పెంచుకుంటే బ్రేక్ నొక్కినప్పుడు ఇంజన్ ఆగిపోదు.

లాగుడు పెంచడానికి స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ల చక్రం) మార్చాలా అని మీరు తప్పక ఆలోచిస్తారు. అవసరమైతే ముందుది ఒక పన్ను తగ్గించడం, వెనకది మూడు పళ్లు పెంచడం దాదాపు ఒకటే. ముందు 14, వెనక 43 పళ్లుంటే నిష్పత్తి 3.07. ముందు 13 వేస్తే 3.31, వెనక 46 వేస్తే 3.29. ముందుది చౌక, కానీ చైన్ మరీ చిన్న చుట్టు తిరగాల్సి వచ్చి త్వరగా అరుగుతుంది. ఫస్ట్ గేర్‌లో మీకు ఇప్పటికే టైరు లేస్తోంది కాబట్టి ప్రస్తుతానికి ఏదీ మార్చకండి. సెకండ్ గేర్‌కు వెళ్లాక కావాలంటే చూసుకోవచ్చు.

ఇప్పుడు కాలి పని. మొదటి రోజంతా టైరు లేపవద్దు. ఫస్ట్ గేర్‌లో 15 కిలోమీటర్ల వేగంతో నేరుగా వెళుతూ, యాక్సిలరేటర్ కొంచెం తెరిచే ఉంచి, వెనక బ్రేక్‌ను తేలికగా నొక్కి వదలండి. యాక్సిలరేటర్ మూయకుండా బ్రేక్ నొక్కడం ఇక్కడి కీలకం, ఎందుకంటే రోడ్డు మీద ఇన్నేళ్లూ చేసింది దానికి సరిగ్గా ఎదురు. ఇంజన్ ముందుకు నెడుతుంటే బ్రేక్ వెనక్కి పట్టడం, ఆ రెండింటి మధ్య బైక్ బిగుసుకోవడం తెలియాలి. పాదం ఎత్తి పెడల్ మీద వేయడం కాదు, పాదం ఎప్పుడూ పెడల్ మీదే ఉండి బరువు మాత్రం మారాలి. ఒత్తిడి ఎంతంటే, పండిన టమాటా మీద బొటనవేలు ఆనించి అది చిట్లకుండా నొక్కినంత. వీలీలో అంతే చాలు. 50 సార్లయినా చేయండి. తర్వాత సాయానికి వచ్చిన మనిషి ఉన్నట్టుండి చప్పట్లు కొడితే ఆ చప్పుడుకు నొక్కడం సాధన చేయండి. ఆలోచించి నొక్కే కాలు పనికిరాదు, చప్పుడు వినగానే నొక్కే కాలు కావాలి.

రెండో పని క్లచ్. కూర్చునే తీరు ముందు సరిచేసుకోండి: సీటు వెనక భాగంలో, మోకాళ్లతో ట్యాంకును పట్టి, నడుము నిటారుగా, మోచేతులు కొద్దిగా వంచి వదులుగా. చూపు ముందు టైరు మీద కాదు, 30 మీటర్ల అవతల. కుడిచేయి గ్రిప్‌ను పట్టే తీరు చాలా ముఖ్యం. బైక్ ముందుకు దూకినప్పుడు ఒళ్లు వెనక్కి వెళుతుంది, మణికట్టు కిందికి జారి ఉంటే ఆ లాగుడుకే యాక్సిలరేటర్ ఇంకా తెరుచుకుంటుంది. తిరగబడే వీలీల్లో ఎక్కువ భాగం ఇలాగే మొదలవుతాయి. అందుకే యాక్సిలరేటర్ మూసి ఉండగా, మోచేయి కాస్త పైకెత్తి, మణికట్టు నిటారుగా ఉండేలా గ్రిప్‌ను ముందుకు పట్టుకుని మొదలుపెట్టండి. కావలసినంత తిప్పాక కూడా మణికట్టు చేతికి సూటిగా ఉండాలి, వంగి ఉండకూడదు.

15 కిలోమీటర్ల వేగంతో వెళుతూ రెండు వేళ్లతో క్లచ్‌ను జారడం మొదలయ్యేదాకా మాత్రమే లాగండి. పూర్తిగా లాగితే మళ్లీ పట్టే చోటు వెతుక్కోవాలి. రేసును రెడ్‌లైన్‌లో (ఇంజన్ తిరగగల గరిష్ఠ వేగంలో) సగానికి తెచ్చి, అంటే రెడ్‌లైన్ 10,000 అయితే 5,000 దగ్గరికి తెచ్చి, యాక్సిలరేటర్‌ను అక్కడే నిలిపి క్లచ్ వదలండి. వదలడం ఎలాగంటే, లివర్‌తో పాటే వేళ్లు బయటికి రావాలి. లివర్ వేళ్ల నుంచి తప్పించుకుని టక్కున కొట్టుకుంటే అది వదలడం కాదు, జారవిడవడం. అలా జారవిడిస్తే ప్రతిసారీ వేరే ఎత్తు వస్తుంది. టైరు లేవకపోతే 300 ఆర్‌పీఎం చొప్పున పెంచుకుంటూ వెళ్లండి. క్లచ్ వదులుతున్న క్షణంలో యాక్సిలరేటర్‌ను కదపవద్దు. ఒక్కసారి ఒక్కటే మారాలి, లేకపోతే ఏది తప్పయిందో ఎప్పటికీ తేలదు.

లేపడానికి ఒక సులువు ఉంది. క్లచ్‌కు ముందు యాక్సిలరేటర్‌ను లిప్తపాటు మూస్తే ముందు ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకున్న స్ప్రింగు గొట్టాలు) కిందికి కుంగుతుంది. అది తిరిగి పైకి వస్తున్న సమయానికి క్లచ్ అందేలా చూసుకుంటే తక్కువ రేసుకే టైరు లేస్తుంది. ఆ లయ దొరికితే హ్యాండిల్ లాగాలన్న కోరికే పోతుంది. హ్యాండిల్ లాగకూడదు అనడానికి కారణం ఉంది: ఎవరికీ రెండు చేతుల బలం సమానంగా ఉండదు. లాగిన ప్రతిసారీ బైక్ ఒక పక్కకు వంగి లేస్తుంది, ఒక పక్కకు వంగి లేచినది ఎత్తు పెరిగేకొద్దీ ఇంకా అటే పోతుంది.

మూడో పని రెండింటినీ కలపడం. టైరును 10, 15 సెంటీమీటర్లు లేపి, యాక్సిలరేటర్ మూయకుండా, వెనక బ్రేక్‌తో దించండి. ఆ ఎత్తులో బ్రేక్ అవసరమే లేదు, దానంతటదే దిగిపోతుంది. అయినా ప్రతిసారీ బ్రేక్‌తోనే దించాలి. అవసరం లేని ఎత్తులో అలవాటైన కాలే అవసరమైన ఎత్తులో ఆదుకుంటుంది. వరుసగా పదిసార్లు లేపిన ప్రతిసారీ బ్రేక్‌తో దింపగలిగితే కాస్త ఎత్తు పెంచండి. పదిలో ఒక్కసారి కాలు మర్చిపోయినా లెక్క మళ్లీ ఒకటి నుంచే. ఇది విసుగు తెప్పిస్తుంది, తెలుసు. కానీ దీనికి దగ్గరి దారి లేదు.

ఎత్తు మన కంటికి ఎప్పుడూ ఎక్కువగానే కనిపిస్తుంది. మోకాలెత్తు లేచిన టైరు ఆకాశాన్ని తాకినట్టుంటుంది. అందుకే తోడు వచ్చిన మనిషి చేత పక్క నుంచి, నేలకు అరమీటరు ఎత్తులో ఫోన్ పెట్టించి వీడియో తీయించండి. మీ బైక్ కొలతకు ముందు ఇరుసు 24 సెంటీమీటర్లు లేస్తే 10 డిగ్రీలు, 47 లేస్తే 20, 69 లేస్తే 30, మీటరుకు కాస్త తక్కువ లేస్తే 45. ఫోర్క్ సాగడం వల్ల ఇంకొన్ని సెంటీమీటర్లు కలుస్తాయి. వీడియో ఆపి చూస్తే మీరు బ్రేక్ నొక్కింది ఏ డిగ్రీ దగ్గరో తెలుస్తుంది. మొదట్లో అందరూ అనుకున్నదానికంటే చాలా ముందే నొక్కుతారు. అది తప్పు కాదు, మార్చుకుంటూ పోవచ్చు. ఆలస్యంగా నొక్కుతున్నట్టు కనిపిస్తేనే ఆ రోజు ఆపేయాలి.

20 డిగ్రీలు దాటాక యాక్సిలరేటర్ పని మొదలవుతుంది. పైన చెప్పిన లెక్క ప్రకారం లేచేకొద్దీ అది మూసుకుంటూ రావాలి. పూర్తిగా కాదు, నెమ్మదిగా, గ్రిప్ మీద చర్మం కదిలినంత. ఒక్కసారిగా మూస్తే టైరు రాయిలా పడుతుంది, ఫోర్క్ అడుగుకు తగిలి సీల్స్ కారతాయి, ఇప్పుడు మీకు జరుగుతున్నది అదే. ఇక్కడ ఇంజన్ చప్పుడు వినడం నేర్చుకోండి. టైరు పైకి వెళుతున్నా చప్పుడు కూడా పెరుగుతూ ఉంటే ఎక్కువ ఇస్తున్నట్టు. ఎత్తు నిలబడి, చప్పుడు మెల్లగా పెరుగుతూ వేగమూ పెరుగుతుంటే మీరు ఇంకా బ్యాలెన్స్ పాయింట్‌కు కింద ఉన్నట్టు. చప్పుడు నిలకడగా, దాదాపు ఐడ్లింగ్ కంటే కాస్త పైన ఉండి, చేతుల్లో లాగుడు పోయి హ్యాండిల్ తేలికైపోతే ఆ పాయింట్ దగ్గరికి వచ్చేసినట్టు.

దాన్ని చేరే తీరు కింది నుంచి భయంభయంగా పాకడం కాదు. కాలు సిద్ధంగా ఉందని నమ్మకం కుదిరాక, కాస్త దాటనిచ్చి బ్రేక్‌తో వెనక్కి తెచ్చుకోవడం. బైక్ వెనక్కి వెళ్లబోతున్న ఆ క్షణంలో కడుపులో ఖాళీ అయినట్టు ఉంటుంది, వెంటనే కాలు తాకిస్తే ముందు భాగం వంగుతుంది, వంగుతుండగానే కాలు వదిలి కొంచెం యాక్సిలరేటర్ ఇస్తే మళ్లీ లేస్తుంది. ఈ ఊగుడే వీలీ. పొడవైన వీలీ అంటే ఒకే చోట కదలకుండా నిలవడం అనుకుంటారు గానీ, అది కాలూ మణికట్టూ సెకనుకు రెండు మూడు సార్లు చేసే చిన్న చిన్న సవరింపుల వరుస. చేయి తిరిగినవాళ్లలో ఆ సవరింపులు బయటికి కనబడవు, అంతే.

పక్కలకు ఒరగడం ఈ దశలో బయటపడుతుంది. గాల్లో ఉన్న ముందు టైరుతో బైక్ తిరగదు. ఒరిగిన వైపుకు ఎదురు ఫుట్‌రెస్ట్ మీద బరువు వేయాలి, ఎదురు మోకాలిని బయటికి తెరవాలి. వేగం మరీ తక్కువైతే ఇవి పనిచేయవు. అరమీటరుకు మించి పక్కకు పోతే దిద్దాలని చూడకుండా దించేయండి. ఎప్పుడూ ఒకే వైపు పోతుంటే మీరు సీటు మధ్యలో కూర్చోవట్లేదు, లేదా ఒక చేత్తో లాగుతున్నారు, లేదా వెనక చక్రం చైన్ సర్దేటప్పుడు వంకరగా బిగిసింది. మూడోదాన్ని స్వింగ్‌ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకున్న చట్రం) మీది గీతలు రెండు వైపులా సమానంగా ఉన్నాయో లేదో చూసి పది నిమిషాల్లో తేల్చుకోవచ్చు.

దిగేటప్పుడు హ్యాండిల్ సూటిగా ఉండాలి, ముందు బ్రేక్ మీద వేలు ఉండకూడదు. గాల్లో ముందు చక్రం వేగం తగ్గుతుంది, బ్రేక్ తగిలితే ఆగిపోతుంది. ఆగిన చక్రం నేలను తాకితే జారుతుంది, వంకరగా తాకితే హ్యాండిల్ రెండు వైపులా కొట్టుకుంటుంది. టైరు నేలకు జానెడు ఎత్తులో ఉండగా కొద్దిగా యాక్సిలరేటర్ ఇస్తే పడే వేగం తగ్గి మెత్తగా ఆనుతుంది. హ్యాండిల్ కొట్టుకోవడం మొదలైతే గట్టిగా బిగించకండి, చేతులు వదులు చేసి మోకాళ్లతో ట్యాంకు పట్టి కొంచెం వేగం ఇవ్వండి.

తిరగబడుతోందని తెలిసి, బ్రేక్ నొక్కినా రావట్లేదంటే బైక్‌ను వదిలేయాలి. హ్యాండిల్ వదిలి, ఎడమకాలు ముందు దించి, రెండు కాళ్ల మీద వెనక్కి దిగి పరుగు తీయడమే. 20 కిలోమీటర్ల లోపు వేగంలో ఇది సాధ్యం, ఫస్ట్ గేర్‌లోనే నేర్చుకోమనడానికి ఒక కారణం అదే. బైక్‌ను కాపాడదామని హ్యాండిల్ పట్టుకుని వేలాడితే కుడిచేయి యాక్సిలరేటర్‌ను ఇంకా తెరుస్తుంది, బైక్ మీ మీదే పడుతుంది. ఇంజన్ ఆఫ్ చేసి, బైక్‌ను స్టాండ్ మీద ఉంచి, వెనక్కి దిగడం 20 సార్లు సాధన చేయండి. కాలు వెనక సీటుకు తట్టుకుంటోందా, ఏ బట్టలు ఫుట్‌రెస్ట్‌కు తగులుకుంటున్నాయి అన్నది అక్కడే తెలిసిపోవాలి.

సాధనను 20 నిమిషాలకు మించి సాగదీయకండి. ముంజేతులు బిగుసుకున్నాక క్లచ్ వదలడం నాణ్యంగా ఉండదు, కాలూ బద్ధకిస్తుంది. బ్రేక్‌కూ క్లచ్‌కూ కూడా విశ్రాంతి కావాలి. వరుసగా చేస్తే వెనక డిస్క్ కాగి, ఫ్లూయిడ్ మరిగి పెడల్ మెత్తబడుతుంది. పెడల్ మామూలు కంటే లోపలికి పోతున్నట్టు అనిపిస్తే అక్కడితో ఆపాలి. క్లచ్ నుంచి కాలిన వాసన వస్తే, లేదా రేస్ పెరిగినా వేగం పెరగకపోతే ప్లేట్లు జారుతున్నాయి, అప్పుడూ అంతే.

టైరు పైకి వెళ్లి సగంలో ఒక్కసారిగా పడిపోతుంటే మీరు రెడ్‌లైన్ లిమిటర్‌ను (ఇంజన్ హద్దు దాటకుండా పవర్ కోసేదాన్ని) తాకుతున్నారు. ఫస్ట్ గేర్‌లో అది త్వరగా వస్తుంది. 20 డిగ్రీల దగ్గర కాలితో దించడం వరుసగా వస్తూ ఉంటే సెకండ్ గేర్ మొదలుపెట్టవచ్చు. వేగం 25 నుంచి 30 కిలోమీటర్లు, రేస్ కాస్త ఎక్కువ, క్లచ్ ఇంకొంచెం చురుగ్గా. సెకండ్‌లో యాక్సిలరేటర్‌కు బైక్ స్పందన మెత్తగా ఉంటుంది కాబట్టి నిలపడం సులువు, కానీ పడితే దెబ్బ గట్టిది. ఫస్ట్ గేర్‌లో నేర్చుకున్న పది సార్ల లెక్కను సెకండ్‌లోనూ 10 సెంటీమీటర్ల దగ్గర నుంచే మళ్లీ మొదలుపెట్టాలి.

ప్రతి సాధన తర్వాత బైక్ చల్లారాక చూడాల్సినవి: ముందు చక్రం గాల్లోకి లేపి ఫోర్క్ కింది భాగం పట్టి ముందుకూ వెనక్కీ ఊపండి, టకటకలాడితే కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు) వదులైంది. ఫోర్క్ రాడ్ల మీద నూనె చార ఉంటే సీల్ పోయింది. స్పోకుల చక్రమైతే ఒక్కో స్పోకును స్పానర్‌తో తట్టి వినండి, మొద్దుగా పలికినది బిగించాలి. చైన్ లూజు, క్లచ్ ఆట, వెనక ప్యాడ్ల మందం, ఆయిల్ మట్టం కొలవండి. ఆయిల్ మార్చే గడువును మాన్యువల్‌లో చెప్పినదానికి సగం చేసుకోండి, ఎందుకంటే మీ బైక్‌లాంటివాటిలో క్లచ్ ప్లేట్లు అరిగిన పొడి అదే ఆయిల్‌లో కలుస్తుంది. మార్చేటప్పుడు బయటికొచ్చిన ఆయిల్‌ను వెలుతురులో చూడండి. నల్లటి పొడీ కాలిన వాసనా ఎక్కువగా ఉంటే క్లచ్‌ను మీరు ఇంకా ఎక్కువసేపు జారిస్తున్నారని అర్థం, తర్వాతిసారి రేస్ తగ్గించి ఫోర్క్ లయతో లేపడం మీద పనిచేయండి.